సత్రంలో నేను తెలుగులో అన్న మాట

వర్క్ పర్మిట్ కోసం ఎదురుచూస్తున్న ఏడాది, ఇంట్లో ఊరికే కూర్చోలేక, న్యూజెర్సీలో మా ఊరి పాత సత్రంలో శనివారాలు వాలంటీరుగా చేరాను. రైళ్లు రాకముందు న్యూయార్క్, ఫిలడెల్ఫియాల మధ్య తిరిగే గుర్రపు బండ్లు అక్కడ ఆగేవి. అలసిన గుర్రాలను మార్చేవారు, టపా సంచులు దింపేవారు. ప్రయాణికులంతా ఒకే బల్ల దగ్గర భోంచేసి, ముక్కూమొహం తెలియనివాళ్లతో ఒకే మంచం మీద పడుకునేవారు. మన పూటకూళ్ల ఇల్లు లాంటిదే. ఇప్పుడది చిన్న మ్యూజియం.

ఇవన్నీ నాకు నేర్పింది అక్కడి గైడు, ఎనభై దాటిన అమెరికన్ పెద్దాయన. ఆయనకు ఇష్టమైన కథ ఒకటుంది. బండి కొండ మలుపు తిరగగానే తోలేవాడు బండిలో ఎంతమంది ఉంటే అన్నిసార్లు కొమ్ము ఊదేవాడట. ఎన్నిసార్లు ఊదితే సత్రంలో అన్ని కంచాలు పెట్టేవారట. ఆయనకు వాళ్ల నానమ్మ చెప్పిందట. నేను ఊరి చరిత్ర పుస్తకాలన్నీ తిరగేశాను. ఎక్కడా ఆ ముచ్చట లేదు.

ఒక శనివారం మనవాళ్లు ఎక్కువగా ఉండే ఐసెలిన్ ఊరి నుంచి ఒక తెలుగు కుటుంబం వచ్చింది. పెద్దాయన కొమ్ము కథ చెప్పగానే ఆ ఇల్లాలు నా వైపు తిరిగింది. "నిజంగా అలా చేసేవాళ్లా అండీ?"

నాకు ఎక్కువ తెలుసని చూపించుకోవాలనిపించింది. "అబ్బే, ప్రూఫ్ ఏం లేదండీ. పెద్దాయన సరదాకి కల్పించి చెప్తుంటారు," అన్నాను, ఆయన పక్కనే నిలబడి, నవ్వుతూ. వాళ్లూ నవ్వారు.

"ఏమిటి సంగతి?" అని ఆయనా నవ్వుతూనే అడిగారు. నేను నోరు తెరిచేలోపు వాళ్ల ఎనిమిదేళ్ల పాప ఇంగ్లీషులో చెప్పేసింది. "ఆ కథ మీరే కల్పించారని ఆంటీ అంటోంది."

ఆయన నవ్వు ఆగిపోయింది. "మా నానమ్మ చెప్పిందమ్మా," అని మాత్రం అన్నారు. మిగతా గదులు గబగబా చూపించి ముగించారు.

తర్వాతి శనివారం ఆయన రాలేదు. ఆ పై వారమూ రాలేదు. ఇక ఉండబట్టలేక వాళ్లింటికి వెళ్లాను. వరండాలో కూర్చోబెట్టి టీ ఇచ్చారు. క్షమించమన్నాను.

"కథ తప్పే కావచ్చు," అన్నారాయన. "నాతో చెప్పి ఉంటే వినేవాణ్ణి. నా ముందే, నాకు రాని భాషలో అన్నావు."

తల దించుకుని టీ తాగి వచ్చేశాను.

ఆయన మళ్లీ సత్రానికి వచ్చారు. నాతో మర్యాదగానే ఉన్నారు. తెలుగువాళ్లు వస్తే మాత్రం, "వీళ్లకి నువ్వు చూపించు," అని పెరట్లోకి వెళ్లిపోయేవారు. వెనక్కి పిలిచే ధైర్యం నాకు ఎన్నడూ రాలేదు.