‘చూద్దాంలే’ కథానాయకుడు

ఆ రోజుల్లో వారపత్రికలు చదివే ఆడపిల్లలకి మగవాళ్ళు రెండే రకాలు. సీరియల్లో ఉండేవాళ్ళు, రైల్లో కనిపించేవాళ్ళు. సీరియల్లోవాడు ఆరడుగులుంటాడు, కారు తనే నడుపుకుంటాడు, తక్కువ మాట్లాడతాడు, వాడికి జలుబు చెయ్యదు. రైల్లోవాడి సంగతి చెప్పుకోకపోవడమే మంచిది. నేను రోజూ రేపల్లె నుంచి తెనాలికి పాసింజరులో వెళ్ళి, ఒక ఆఫీసులో టైపు కొట్టే ఉద్యోగం చేస్తూ, మధ్యాహ్నం క్యారేజీ కడిగేశాక మిగిలిన కాస్త టైములో సీరియల్ రాస్తుండేదాన్ని. నా కథానాయకుడూ ఆరడుగులవాడే. (అప్పటిదాకా నేను దగ్గరగా చూసిన ఆరడుగుల మనిషి మా చర్చిలో గంట కొట్టే తాతగారొక్కరే. ఆయనకి పళ్ళు లేవు.) ఎడిటరుగారు రాసింది రాసినట్టే తిప్పి పంపారు. “అమ్మాయీ, మీ హీరో బట్టలషాపు అద్దాల్లో నిలబెట్టే బొమ్మలా ఉన్నాడు. వాడికేదైనా లోపం పెట్టండి, జాలిపడి ప్రేమిస్తాం” అన్నారు. నేను బాగా ఆలోచించి ‘అతి మంచితనం’ అనే లోపం పెట్టి మళ్ళీ పంపాను. అదీ అంతే వేగంగా తిరిగొచ్చింది.

లోపం కోసం నేనంతగా వెతుక్కోనక్కర్లేదని ఒక శనివారం సాయంత్రం తెనాలి ప్లాట్‌ఫారమ్ మీద తెలిసింది. మా మేనత్త కొడుకు బాపట్లలో గుమాస్తా. శనివారం శనివారం తెనాలిలో బండి మారి నాతోపాటు రేపల్లె వచ్చేవాడు. “మావయ్యని చూసి చాలా రోజులైంది” అనేవాడు. (చూసింది పోయిన శనివారమే.) వచ్చేది నన్ను చేసుకుంటానని అడగడానికని మా ఇంట్లో అందరికీ తెలుసు. నాన్నకీ తెలుసు. ఇవ్వడానికి ఆయన సిద్ధమే. కానీ నోరు విప్పి అడగనివాడికి పిల్లనెలా ఇస్తామన్నది బడిపంతులుగారైన ఆయన పట్టుదల. ఆదివారం చర్చి నుంచి వచ్చి భోజనాలయ్యాక బావ చేతులు తుడుచుకుంటూ వరండాలోకి వెళ్ళేవాడు. వానల గురించి, యూరియా గురించి మాట్లాడి వచ్చేసేవాడు. “అడిగావా?” అంటే, “భోజనాల దగ్గరే అడుగుదామనుకున్నానే. ఇంతలో మావయ్య మళ్ళీ గోంగూర వేయమన్నారు. గోంగూర మధ్యలో పెళ్ళిమాట ఏం బాగుంటుంది? వచ్చేవారం చూద్దాంలే” అనేవాడు.

ఆ శనివారం బావ తెగిన చెప్పుకి పిన్నీసు పెట్టుకుని, స్టాల్ దగ్గర టీ తాగుతున్నాడు. నేను ఎక్కి కూర్చున్నాను, మా బండి కూత వేసింది. టీ వేడిగా ఉంది. వదిలేసి రాలేడు, గటగటా తాగనూ లేడు. బండి కదిలిపోతుంటే గ్లాసు పట్టుకుని నావైపు అపరాధిలా చూస్తూ ఉండిపోయాడు. నాకు కోపం రావాలి. రాలేదు, నవ్వొచ్చింది, ఆ వెనకే కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఆ మర్నాడే నా హీరోని ఆరడుగుల నుంచి కిందికి దించి, చేతికి టీ గ్లాసు, నోటికి ‘చూద్దాంలే’ ఇచ్చాను. ఎడిటరుగారు వెంటనే వేసుకున్నారు. పాఠకురాళ్ళు “ఆ చూద్దాంలే అబ్బాయిని మాత్రం ఏమీ చెయ్యకండి” అని కార్డులు రాశారు.

బావ స్టేషన్లో పత్రిక కొని వారం వారం చదివేవాడు. “ఎవడే ఈ వెధవ? వీడికి నోరు లేదా? ఇలాంటివాణ్ణి ఎవతైనా చేసుకుంటుందా?” అని నన్నే అడిగాడు. కథలోవాడి చెప్పుకి పిన్నీసు వచ్చిన వారం మాత్రం పత్రిక మడిచి పక్కన పెట్టాడు. బండి వేమూరు దాటాక కిటికీలోంచి చూస్తూ, “చివరికి వాణ్ణేం చేస్తావు?” అన్నాడు. ఆ గొంతు విని అడుగుతున్నది తన సంగతేనని నాకు అర్థమైంది. “చూద్దాంలే” అన్నాను. (ఎంత తెలివైన జవాబనుకున్నానో!) “సరే, అందులో చదివే తెలుసుకుంటాను” అన్నాడు.

ఆఖరుకి ముందు భాగంలో నా కథానాయిక విసిగిపోయి ఒంటరిగా రైలెక్కేస్తుంది. అతను గ్లాసుతో నిలబడిపోతాడు. ఆఖరు భాగంలో ఆమె తర్వాతి స్టేషన్లో దిగి, ఎదురుబండిలో వెనక్కొచ్చి, అతని చేతిలోని గ్లాసు తీసుకుని తాగుతుంది. కానీ రైలెక్కిన భాగం కింద ‘సశేషం’ అని ఉండాల్సిన చోట ‘సమాప్తం’ అని పడింది. ఆ శనివారం బావ రాలేదు, ఆఫీసులో పనేమో అనుకున్నాను. మరుసటి వారం చిన్న అక్షరాల్లో క్షమాపణ వేసి, మిగతా భాగం అచ్చువేశారు. ఆ శనివారం నేను మంచి చీర కట్టుకుని ప్లాట్‌ఫారమ్ మీద నిలబడ్డాను. బావ అప్పుడూ రాలేదు. ఆ తర్వాతి శనివారమూ రాలేదు. నా జవాబు చదివి కూడా రాలేదంటే ఇక నేనేం అడగాలి? రోషం నాకూ ఉంది. అత్తయ్య బావకి చీరాల సంబంధం ఖాయమైందని శుభలేఖ తెచ్చినప్పుడు నాన్న చాలాసేపు కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. పెళ్ళిలో పాటలు పాడినవాళ్ళలో నేనూ ఉన్నాను. బాగానే పాడానన్నారు.

కొన్నేళ్ళ తర్వాత, తొంభైల్లో, అదే ప్లాట్‌ఫారమ్ మీద బావ కనిపించాడు. కాస్త పొట్ట వచ్చింది, చెప్పులు కొత్తవి. భార్యాపిల్లలు సామాను దగ్గర కూర్చున్నారు. నాకో టీ ఇప్పించి, అటూ ఇటూ మాట్లాడి, “నీ సీరియల్ బాగుండేదే. వాణ్ణి అలా గ్లాసుతో వదిలెయ్యకుండా ఉండాల్సింది” అన్నాడు.

“వదల్లేదు బావా. ఆ తర్వాతి వారం ఇంకో భాగం వచ్చిందిగా.”

“సమాప్తం అని వేశారుగా?”

“అచ్చుతప్పు.”

అతను గ్లాసులోకి చూశాడు. “నేనా వారం నుంచి పత్రిక కొనడం మానేశానే” అన్నాడు. గ్లాసు తిప్పుతూ, “దిగిందా?” అని మెల్లగా అడిగాడు.

“దిగింది.”

బండి కూత వేసింది. టీ సగానికి పైనే ఉంది, పొగలు కక్కుతోంది. బావ గ్లాసు బల్ల మీద పెట్టేసి, పిల్లవాణ్ణి ఎత్తుకుని, పరుగెత్తి ఎక్కాడు. నాకు తెలిసి అతను టీ వదిలేసి బండి అందుకోవడం అదే మొదటిసారి.

ఇప్పటికీ నా కథల్లో మగవాళ్ళంతా కాస్త ఆలస్యంగానే వస్తారు. “మీ హీరోల్ని చూస్తే కోపం రాదేంటండి?” అని అమ్మాయిలు అడుగుతుంటారు. నాకు మాత్రం ఆ టైపిస్టు పిల్లే గుర్తొచ్చి నవ్వొస్తుంది. పక్కనే కూర్చుని అడిగినవాడికి ‘ఊఁ’ అనేస్తే సరిపోయేదానికి, వచ్చే వారం దాకా ఆగమన్న పిల్ల.