చప్పట్లు కొట్టని ముసలమ్మ

పాట అయిపోయి చప్పట్లు మొదలవగానే ఇప్పటికీ ఒక అడుగు వెనక్కి వేస్తాను. జనం మెచ్చుకుంటుంటే భయపడే గాయని ఎవరైనా ఉన్నారంటే అది నేనే.

డెబ్బైల్లో సంగతి. విశాఖలో ముగ్గురు మగపిల్లలూ నేనూ కలిసి బ్లూస్ రాక్ వాయించేవాళ్లం. మద్రాసులో ఒక రికార్డు కంపెనీ ఆయన మా పాటలు విని, "స్టూడియో వద్దు, జనం మధ్య పాడి టేపు పట్టుకురండి. జనం సందడి వినబడకపోతే రికార్డు లేదు" అన్నాడు. ఆడపిల్ల మైకు ముందు అరవడం మా నాన్నకు బొత్తిగా కిట్టదు. "ఇదే ఆఖరు. రికార్డు రాలేదా, టైపు నేర్చుకుని ఉద్యోగం చూసుకో" అన్నాడు. మా గిటారిస్టువాళ్ల మామయ్యకు అరకులో కొట్టుంది. సంతరోజు జనానికి కొదవుండదని రైలెక్కాం.

మామయ్య కొట్లోంచి కరెంటు లాగి, సంత పక్కన మధ్యాహ్నం మొదలుపెట్టాం. కొండ ఊళ్లవాళ్లు బోలెడుమంది కూర్చుని విన్నారు. మొదటి పాట అయింది. చప్పుడు లేదు. రెండోదీ అయింది. ఒక్కరూ కదల్లేదు, మమ్మల్నే చూస్తున్నారు. అడవిలో తుపాకులూ పోలీసులూ అని పేపర్లో చదివి వచ్చినవాళ్లం కదా, వాళ్ల భుజాల మీది గొడ్డళ్లు చూసి నేను డ్రమ్ముల దగ్గరికి జరిగాను. అవి కట్టెలకని తట్టనేలేదు. ఒక పక్క టేపు తిరిగిపోతోంది. ఉన్నది అదొక్కటే.

మామయ్య ముందుకొచ్చి, "పాట అవగానే సప్పట్లు కొట్టండ్రా! కేకలెయ్యండి!" అని అరిచాడు.

వాళ్లు మొహాలు చూసుకున్నారు. "నిజింగానా బాబూ?" అన్నాడొకాయన.

"నిజింగానే! గట్టిగా!"

మూడో పాట ఆగగానే అందరూ లేచారు. చేతులు చరుస్తూ, హోయ్ హోయ్ అంటూ అడుగులో అడుగేసుకుంటూ మా మీదికి వచ్చారు. ఒక్క మొహంలోనూ నవ్వు లేదు. మా డ్రమ్ములబ్బాయి చేతిలో పుల్లలు జారిపోయాయి. నేను స్పీకరు పెట్టె వెనక నక్కి ఏడ్చేశాను. మేం నలుగురం వెనక్కి జరిగి కొట్టు గోడదాకా వెళ్లాక వాళ్లు ఆగి, మావైపు చూడకుండా తలలు దించుకుని వెళ్లిపోయారు.

టేపు నిండా హోరు. మగపిల్లలు భయం మరిచి గంతులేశారు.

ఒక ముసలమ్మ మాత్రం అక్కడే కూర్చుని ఉంది, చేతులు కొంగులో దాచుకుని. దగ్గరికి రమ్మంది.

"నాను కొట్టనేదు గుంటా. సేలో పిట్టలొత్తే, ఎలుగుబంటొత్తే సేతులు సరిసి తోలతాం. మనిల్లకొచ్చినోల్లని తోలతామేటి? కొట్టు బాబు సెప్తే కాదన్లేక తోలీసినారు. నువ్వుండు, అంబలి తాగెల్దువు."

రికార్డు వచ్చింది. నాన్న ఆ చప్పట్లు విని, "ఎంత మెచ్చుకున్నారే నిన్ను!" అని మురిసిపోయాడు.

ఇప్పటికీ పాట అవగానే ముందు వరసల్లో వెతుకుతాను, చేతులు కొంగులో దాచుకుని ఎవరైనా కూర్చున్నారేమోనని.