శనివారం టైలరమ్మ

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్లు లేరు. ఎవరు ఏ బట్ట తెచ్చినా "శనివారం ఇచ్చేస్తానండీ" అనేది కాబట్టి శనివారం టైలరమ్మ అయిపోయింది. సోమవారం వచ్చినవాళ్లకీ శనివారమే, శుక్రవారం సాయంత్రం వచ్చినవాళ్లకీ శనివారమే. తీరా ఆ రోజు వచ్చేసరికి కొట్టు ముందు జనం, లోపల సగం కుట్టిన జాకెట్ చేతులు. మోసం చేసే మనిషి కాదు. కాదనడం చేతకాదు, అంతే.

రెండు వీధుల అవతల సొంత చెల్లెలు కొట్టు పెట్టకుండా ఉంటే ఇది ఇలాగే ఎన్నేళ్లయినా సాగిపోయేది. చెల్లెలు మంగళవారం అంటే మంగళవారమే. ఆమె మిషన్ పక్కన గోడకు ఒక అట్ట వేలాడుతుంది. దాని మీద వారమంతా గళ్లు గీసి, ఏ రోజు కత్తిరింపు, ఏ రోజు కుట్టు, ఏ రోజు కాజాలు అని రాసుకుంటుంది. గళ్లు నిండితే ఎంత గొప్పవాళ్లు వచ్చినా "ఈ వారం కుదరదండీ" అని నవ్వుతూ చెప్పేస్తుంది. ఆ నవ్వు చూస్తే అక్కకు ఒళ్లు మండిపోయేది. కాదని పంపినా జనం దాని దగ్గరికే పోతారేం? అసూయ అంటే ఆమె ఒప్పుకోదు గానీ, అది అచ్చంగా అసూయే.

అందుకని ప్రతి గురువారం మధ్యాహ్నం పనిగట్టుకుని వెళ్లి చెల్లెలి కొట్టులో కూర్చునేది. పైకి పలకరింపు. కబుర్లలో పెడితే దాని గళ్లన్నీ తారుమారవుతాయని లోపల ఆశ. వీధిలో వాళ్ల గొడవలూ తన మోకాళ్ల నొప్పీ సాగదీసి సాగదీసి చెప్పేది. చెల్లెలు మిషన్ ఆపి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వినేది. అక్క సంతోషంగా ఇల్లు చేరేది.

ఆ వారం మాత్రం ఆమెకు కాలు నిలవలేదు. బళ్లో పాటల బృందానికి ముప్ఫై గౌన్లు కుట్టాలి. సంగీతం టీచరమ్మ అప్పటికే రెండు శనివారాలు ఉత్త చేతులతో తిరిగి వెళ్లింది. "ఈసారి కూడా కాలేదంటే బడి బట్టలన్నీ ఇక మీ చెల్లెలికే ఇస్తానండీ" అని మర్యాదగానే చెప్పింది. ఆ పని పోతే కొట్టు మూసుకోవడమే. గౌన్లు అయ్యాయి గానీ కాలర్లన్నీ మిగిలాయి. అయినా గురువారం చెల్లెలి దగ్గరికే వెళ్లింది, ఆ అట్ట మీద ఏం మంత్రం ఉందో చూసి తనూ అలాగే గీసుకుందామని.

చెల్లెలు టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే, అట్ట మీద వేలు పెట్టి చదివింది. గురువారం, రెండు నుంచి నాలుగు. ఆ గడిలో "అక్క" అని ఉంది.

"ఏమిటే ఇది? నన్ను కూడా గడిలో పెట్టేశావా?" అని కేకేసింది.

"పెట్టకపోతే ఎలా అక్కా? ఆ టైముకి నువ్వొస్తావుగా. అప్పుడు ఎవరి పనీ ఒప్పుకోను."

"ఎప్పట్నించి?"

"కొట్టు పెట్టినప్పట్నించీ."

పెద్దావిడకు ఏడవాలో తిట్టాలో తెలియలేదు. తను చెడగొట్టానని మురిసిపోయిన మధ్యాహ్నాలన్నీ తన కోసం తీసి ఉంచినవే! ఆఖరికి అభిమానంలో కూడా ఇదే ముందుంది కదా అని ఇంకాస్త కుళ్లుకుంది. గడియారం చూసింది. రెండుంబావు.

"అయితే ఈ రెండు గంటలూ నావేనా?"

"నీవే."

"మరి లే. మా కొట్టుకి రా. కాలర్లు మిగిలిపోయాయి."

ఆ మాట నోట్లోనే గొణిగింది. రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

చెల్లెలు వచ్చి, తల ఎత్తకుండా సగం కాలర్లు కుట్టి, నాలుగు కాగానే లేచి వెళ్లిపోయింది. మిగిలినవి అక్క శుక్రవారం కూర్చుని ముగించింది. మధ్యలో బట్టలు తెచ్చినవాళ్లను "ఈ వారం కుదరదండీ" అని పంపేసింది. నవ్వు మాత్రం రాలేదు.

శనివారం టీచరమ్మ వచ్చి, పైనున్న గౌను విప్పి కాలరు వేళ్లతో నిమిరింది.

"ఎంత చక్కగా కుదిరిందండీ! ఇంత బాగా మీరెప్పుడూ కుట్టలేదు."

ఆ కాలరు ఎవరిదో అక్కకు చూడగానే తెలిసింది. అవునండీ అంటే చాలు, బడి పని తనదే. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా.

"అది మా చెల్లెలు కుట్టింది," అంది. ఆవిడ ముఖం చూడలేక గౌన్లు మడతపెడుతూ ఇంకో మాట కలిపింది. "దానికి కుట్టు నేర్పింది మాత్రం నేనేనండీ."