మైదాపిండి కేప్ కొలంబియా

కెనడా నేల ఉత్తరాన ఎక్కడ ఆగిపోతుందో నాకు ఎడ్మంటన్‌లో ఒక బేస్‌మెంట్‌లో ఉండగా తెలిసింది. ఆ చోటు పేరు కేప్ కొలంబియా. వెనక కొండలు, ముందు గడ్డకట్టిన సముద్రం, ఊరన్నది లేదు. నేనేం కోరి తెలుసుకోలేదు. పైన ఉండే ఇంటి ఓనర్ ఆంటీ కూతురికి ఆ చోటు నమూనా చేసి తెమ్మని స్కూల్లో ప్రాజెక్ట్ ఇచ్చారు. మనవాళ్ల ఇళ్లలో పిల్లల ప్రాజెక్ట్ పిల్లలు చేయడం ఎక్కడుంది?

“నువ్వు డిగ్రీలో జాగ్రఫీ చదివావు కదా, కొంచెం హెల్ప్ చెయ్యమ్మా” అంది ఆంటీ. కొంచెమంటే మొత్తమని నాకు తెలుసు. ఒళ్లు మండింది. కానీ ఆ ఏడాది ఊరంతా ఇండియా నుంచి వచ్చిన నాలాంటి స్టూడెంట్లే. నడిచలికాలంలో ఆ గది పోతే ఇంకోటి దొరకదు. సరేనన్నాను.

మైదాపిండిలో ఉప్పు కలిపి ఒక అట్ట మీద కొండలు చేశాను. వందేళ్ల కిందట ఒక దొర ఉత్తర ధ్రువానికని అక్కణ్నుంచే మంచు మీద బయల్దేరాడు. చేరానన్నాడు, నమ్మనివాళ్లు ఇప్పటికీ ఉన్నారు. కుక్కల బళ్లు తోలింది, మంచు ఇళ్లు కట్టింది ఆ మంచుసీమల్లోనే పుట్టి పెరిగిన ఇన్యూట్ మనుషులు. ఆయన తొడుక్కున్న తోలుబట్టలు కుట్టింది వాళ్ల ఆడవాళ్లు. అందరినీ పిండితో చేసి నిలబెట్టాను. ఆంటీ కూతురు పక్కన కూర్చుని రంగులేసింది.

ఆంటీ వచ్చి చూసింది. “ఇంతమందెందుకు, ఇరుగ్గా ఉంది. మెయిన్ మనిషి ఉంటే చాలు” అని తక్కినవాళ్లను పీకి చెత్తబుట్టలో పడేసింది.

“వాళ్లు లేకపోతే ఆయన కదిలేవాడే కాదు ఆంటీ.”

“స్కూల్ ప్రాజెక్ట్‌కి అంత హిస్టరీ వద్దులే.”

మర్నాడు సాయంత్రం స్కూల్లో ప్రదర్శనకి ఆ అట్ట మోయడానికి నన్నే కారెక్కించింది. టీచరు మెచ్చుకుని, ఎవరు చేశారని అడిగింది. మా అమ్మాయేనంది ఆంటీ. ఆ పిల్ల నన్ను వేలితో చూపించి, “షీ మేడ్ ఇట్. మామ్ త్రూ ద పీపుల్ అవుట్” అంది. నాకు లోపల పండగ్గా ఉంది. మొహంలో దాచుకోలేదు కూడా.

తిరుగు దారిలో ఆంటీ రోడ్డు మీంచి చూపు తిప్పకుండా అంది: “నెలాఖరుకి వేరే రూమ్ చూసుకో. నా కూతురికి లేనిపోనివి నేర్పుతున్నావు.”

నాకు భయమేసింది.

“వేర్ విల్ షీ గో, మామ్?” అంది వెనక సీట్లోంచి పిల్ల.

“వాళ్లకేం, ఎక్కడో ఒకచోట సర్దుకుంటారు.”

సారీ చెబితే ఉండనిచ్చేదే. చెప్పబుద్ధి కాలేదు. ఇల్లు రాగానే ఆ అట్టను ఒళ్లోంచి తీసి సీటు మీద పెట్టాను.

“దీన్ని లోపలికి మీరే మోసుకోండి ఆంటీ” అని కారు దిగాను.