నోటిమాటకు కదలని చెంగల్రాయుడు

మామిడిమిట్ట పంచాయతీ మేస్త్రీ చెంగల్రాయుడు ఎవరేం చెప్పినా చేతులు కట్టుకొని వినేవాడు. విన్నాక ఒకటే మాట: "రాసియ్యండి సార్." కాగితం మీద సంతకం పడందే ఆయన కదలడు. వంకాయలు తెమ్మంటే ఇంట్లోనూ అదే మాట. చదువురాని భార్య తిరుమలమ్మ బొగ్గుతో గోడ మీద వంకాయ బొమ్మ గీసి, కింద వేలిముద్ర వేసిందని ఊళ్ళో చెప్పుకునేవారు.

ఈయన పక్కన పనిచేయడం గుమాస్తా కృష్ణమూర్తికి కత్తి మీద సాము. ఉద్యోగం టెంపరరీ. పైగా ఎమర్జెన్సీ రోజులు. ఆఫీసరు తుమ్మినా లేచి నిలబడేవాడు.

ఒక బుధవారం ఆఫీసరు ఇద్దరినీ పిలిచాడు. "ఎల్లుండి మంత్రిగారి కారు ఈ దోవలో పోతాది. రోడ్డు పక్కన మేదరోళ్ళ గుడిసెలు పన్నెండూ రేపటికి కనబడకూడదు."

"అట్లే సార్. రాసియ్యండి సార్."

"నోటిమాట చాలదా?"

"నా చెవులు పాతబడినాయి సార్. సాక్ష్యానికి పనికిరావు."

"ఉద్యోగం పీకేస్తా!"

"అదీ రాసే ఇయ్యాల గదా సార్."

ఆఫీసరు పళ్ళు కొరికాడు గానీ పెన్ను మూత తీయలేదు. నోటీసు లేకుండా పీకమని సంతకం పెడితే తన మెడకే చుట్టుకుంటుందని ఆయనకు తెలుసు. వేలు కృష్ణమూర్తి వైపు తిప్పాడు. "నువ్వు పీకించు. లేదంటే ఇంటికి పో."

కృష్ణమూర్తి "అట్లే సార్" అన్నాడు. తెల్లారి గడ్డపార పట్టుకొని, నలుగురు కూలీలతో బయల్దేరాడు. మొదటి గుడిసె గడపలో తెల్లకాగితం, పెన్నుతో చెంగల్రాయుడు బాసింపట్టు వేసుకొని కూర్చొని ఉన్నాడు. వెనక నుంచి మేదర అక్కమ్మ చేతులు జోడించింది.

"నా కూతురు కానుపై మూడు దినాలు సామీ. పసిగుడ్డును యాడికి ఎత్తుకపోయేది?"

లోపల బిడ్డ ఏడ్చింది. కృష్ణమూర్తి చేతిలో గడ్డపార జారింది. తానూ మేస్త్రీ పక్కన కూలబడ్డాడు. కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకొని వాళ్ళూ కూర్చున్నారు.

జీపు వచ్చేసరికి ఆరుగురూ వరుసగా ఉన్నారు. ఆఫీసరు మధ్యాహ్నందాకా అరిచాడు. ఎవరూ ఎదురు చెప్పలేదు, ఎవరూ లేవలేదు. చివరికి గుడిసెలు కనబడకుండా రోడ్డు వెంబడి తడికలు కట్టించాడు. ఆ తడికలు అల్లింది కూడా ఆ మేదర్లే.

చెంగల్రాయుణ్ణి సస్పెండ్ చేశారు. తన వంతు ఎప్పుడా అని కృష్ణమూర్తి మూడు నెలలు టపా వచ్చినప్పుడల్లా ముందు తానే విప్పి చూశాడు. ఏమీ రాలేదు. చివరికి విచారణ జరిగింది. ఏ ఆర్డరు ధిక్కరించాడో చూపమంటే ఆఫీసరు దగ్గర కాగితం లేదు. మేస్త్రీ ఉద్యోగం నిలిచింది.

ఆ రోజే కృష్ణమూర్తి ఫైల్లో మేస్త్రీ ఇచ్చిన సంజాయిషీ చదివాడు: 'గుమాస్తా పీకడానికే వచ్చినాడు. నేనే గడ్డపార లాక్కొని, రెక్క పట్టి కూర్చోబెట్టినాను. ఆయన తప్పేమీ లేదు.'

పరుగున వరండాలోకి వచ్చాడు. "ఏంది మేస్త్రన్నా, అబద్ధం రాసిస్తివే! నేనుగానే గదా కూర్చున్నది?"

"నీ మొకం! కాళ్ళు వణికి పడితివి గదబ్బా."

కృష్ణమూర్తి తల దించుకున్నాడు. చెంగల్రాయుడు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు.

"పడితే పడితివిలే. అంతసేపు అరిచినా లేయలేదు సూడు, అదీ!"