చిన్నమావ బిగించిన పెద్ద టైర్లు

పోయిన వారం భోగాపురం దగ్గర హైవే పక్క కొట్లో బండికి గాలి కొట్టించుకుంటున్నాను. నా ముందు ఒకాయన తన చిన్న పికప్పుకి పెద్ద టైర్లు వేయించుకుంటున్నాడు. అదీ నా బండిలాగే గేరు దానంతటదే మారే రకం. వద్దు నాయనా అనబోయాను. ఎందుకు వద్దని అడిగితే మొత్తం చెప్పాలి. నోరు మూసుకుని టీ తాగి వచ్చేశాను. అక్కడ చెప్పలేనిదే ఇక్కడ రాస్తున్నాను.

మెట్ల మీద జారిపడినప్పటి నుంచి నా ఎడమ మోకాలు సరిగా వంగదు, క్లచ్ తొక్కలేను. అందుకని అల్లం, పసుపు, అనాసకాయలు సంతకి తోలుకోవడానికి క్లచ్ లేని చిన్న పికప్పు కొనుక్కున్నాను. ఇంజను చిన్నదే గాని బుద్ధిగల బండి. నాకన్నా అదే చెప్పిన మాట వింటుందని మా ఆవిడ అనేది. దానితో సుఖంగా ఉండొచ్చు కదా, ఉండలేదు. మా అన్నయ్య వియ్యంకుడు, నాకు వరసకు బావ, ఒకరోజు వాళ్ల ఊరు వెళ్తే దాని చుట్టూ తిరిగి చూసి, "ఏటి బావా, బొమ్మబండి కొన్నావేటి? తాడు కట్టి లాక్కెళ్తావా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గాని ఆ రాత్రి అన్నం సయించలేదు.

శృంగవరపుకోటలో మా చిన్నమావది టైర్ల కొట్టు. అమ్మకి ఆఖరి తమ్ముడు. ఘాటు దిగి వచ్చే లారీలు చాలావరకు ఆయన దగ్గరే ఆగేవి. పాత టైరు ఇంకొన్నాళ్లు నడుస్తుందనిపిస్తే కొత్తది అమ్మేవాడు కాదు, అంత పిచ్చిమనిషి. అప్పటికి మా అన్న కూతురు పురిటికి మా ఊరు వచ్చి ఉంది, ఇంకో నెలలో బిడ్డతో ఆమెను అత్తారింటికి దింపాలి. ఆ ఊళ్లోకి మళ్లీ బొమ్మబండితో వెళ్లడం నాకిష్టం లేదు. నేను పెద్ద టైర్లు అడగ్గానే మావ చేతిలో పానా కింద పెట్టేశాడు.

"వద్దురా. ఇంజను సిన్నది, గేరేమో దాని బుద్ధికొచ్చినట్టు మారతాది. సెక్రం పెద్దదైతే కాళీ బండి బాగానే పరిగెడతాది. బరువేసి ఎత్తెక్కించి సూడు, ఊపిరాడదు దానికి."

"నువ్వు బిగించీ మావా. నేను సూసుకుంటాను."

మేనల్లుడు పట్టుబడితే ఆయన కాదనలేడు. ఆ సంగతి నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు, వాడుకోవడం కూడా తెలుసు. బిగించాడు. బండి రెండు వేళ్లు పైకి లేచింది. నాలుగు నిమ్మకాయలు తొక్కించి, దారిలో ప్రతి కొట్టు అద్దంలోనూ దాన్ని చూసుకుంటూ ఇంటికొచ్చాను.

చంటిబిడ్డతో ఆడపిల్లను పంపేటప్పుడు మా ఇళ్లల్లో సారె పెడతారు. చలిమిడి, అరిసెలు, జంతికలు, పసుపు కుంకుమలు. మన గడప దాటిన సారె బుట్టలు అత్తారి గడప లోపలే దించాలి, మధ్యలో నేలకి తగలకూడదు. ఆ రోజు బండి వెనక బుట్టలు, ఉయ్యాల, బియ్యం బస్తాలు, ఏడుగురు ఆడవాళ్లు, వాళ్లకి తోడుగా చిన్నమావ. ముందు నా పక్కన మా అన్న కూతురు, ఒళ్లో బిడ్డ. వియ్యాలవారి ఊరు కొండవాలులో ఉంది. ఊరి ముందు ఆఖరి మలుపు బాగా ఎత్తు. పైన డప్పులతో ఊరు ఊరంతా నిలబడి ఉంది.

సగం ఎక్కాక బండి ఒకటో గేరుకీ రెండో గేరుకీ మధ్య కొట్టుకోవడం మొదలుపెట్టింది. కాలి కింద క్లచ్ లేకపోతేనేం, లోపల ప్లేటు ఉంటుంది కదా, అది కాలిన కంపు గుప్పుమంది. తరవాత వెనక్కి జారింది. నేను బ్రేకు మీద నిలబడినంత పని చేశాను. చిన్నమావ వెనక నుంచి దూకి, చెయ్యి గీరుకుపోతున్నా ఒక రాయి దొర్లించుకొచ్చి చక్రం కింద పెట్టాడు. బిడ్డ నిద్ర కూడా లేవలేదు. ఆడవాళ్లు దిగారు. బుట్టలు కింద పెట్టకూడదు గనక నెత్తిన పెట్టుకుని రోడ్డు మీద నిలబడ్డారు.

వియ్యంకుడు పరుగున దిగి వచ్చాడు. "ఏటయిందేటి బావా?"

అప్పుడు నా నోటి నుంచి వచ్చిన మాట ఇది. "మావ పెద్ద టైర్లు ఏసీసినాడు. బాగుంటాదంటే సరే అన్నాను. నాకేటి తెలుసు?"

అందరూ మావ వైపు తిరిగారు. ఆయన నన్ను ఒక్కసారే చూశాడు. "అవును బాబూ. అంచనా తప్పీసినాను. తప్పు నాదే" అన్నాడు. వియ్యాలవారి ముందు మేనల్లుడు చిన్నబోకూడదని. నేను చిన్నవాణ్నే, చాలా చిన్నవాణ్ని, ఆ సంగతి అక్కడ ఆయనకూ నాకూ మాత్రమే తెలుసు.

ఆడవాళ్లు బుట్టలు మోసుకుంటూ ఆ ఎత్తంతా ఎక్కారు. బండిని ట్రాక్టరు లాగింది. భోజనాల బంతిలో ఎవరో, "టైర్ల కొట్టు ఎట్టుకున్నోడికి ఆమాత్రం తెలీదేటి" అన్నారు. నవ్వినవాళ్లలో లారీలవాళ్లు ముగ్గురున్నారు. మావ తల వంచుకుని తింటున్నాడు. నేను పప్పు మళ్లీ వేయించుకున్నాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

వారం తిరక్కుండా మావే పాత టైర్లు తిరిగి బిగించాడు. వాళ్లకి నిజం చెప్పేస్తానన్నాను. "ఇప్పుడెల్లి సెప్తే నిన్నే అబద్ధాలకోరంటారు, ఊరుకోరా" అన్నాడు. ఊరుకున్నాను. ఆయన మాట నేను తు.చ. తప్పకుండా విన్నది అదొక్కసారే.

తరవాత ఒక్కో లారీ ఆయన దగ్గర ఆగడం మానేసింది. నిరుడు కొట్టు మూసేశాడు. నడుంనొప్పి అని చెబుతాడు. మొన్న వియ్యంకుడు ఇంటికొస్తే, మా మావ కొట్టుకి మీ ఊరి లారీలవాళ్లు రావడం ఎందుకు మానేశారని అడిగాను.

"ఏదో అయింది బావా, గుర్తు లేదు. ఆయనకి పని సరిగ్గా రాదంట కదేటి?"

అప్పుడు చెప్పాను, మొత్తం. "కొట్టు మూసీసినాక సెప్తన్నావేటి బావా" అన్నాడు.

నాలుగేళ్లలో వాళ్లు సారె మరిచిపోయారు, ఆ మలుపు దగ్గర నిలబడ్డది మరిచిపోయారు, టైర్లనీ మరిచిపోయారు. మావకి పని రాదన్న మాటొక్కటే మిగిలింది. అది నేనన్న మాట.