తాత అరచేతిలో అబద్ధం

నా చిన్నప్పుడు నేను ఒక్కచోట కుదురుగా కూర్చున్న పాపాన పోలేదు. కాళ్ళకు చక్రాలు కట్టుకుని పుట్టానని అమ్మ తిట్టేది. తప్పు నాది కాదని ఇప్పటికీ అంటాను. మేముండేది సూరత్ డిండోలిలో, మేడమీద ఒకే ఒక్క గది. కింద అంతా సాంచాలు. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన మావాళ్ళు పవర్‌లూమును సాంచ అంటారు. అవి ఆడుతుంటే మా నేల వణికేది, గిన్నెలు వణికేవి, గిన్నెలోని పప్పు కూడా వణికేది. అలాంటి ఇంట్లో పిల్ల మాత్రం కదలకుండా ఎలా కూర్చుంటుంది?

మా తాత ఆ సాంచాలు బాగుచేసే మాస్టరు. ఏళ్ళ తరబడి ఆ మోతలో పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. అయినా ఏ సాంచ మొరాయించినా దానిమీద అరచెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుని, రోగమేమిటో చెప్పేసేవాడు. "చెవి మోసపోతది గని చెయ్యి మోసపోదు" అనేవాడు. ఆయన నుదుటి మీద ఒక గాటు ఉండేది. పడుగు మధ్యలో అటూ ఇటూ పరుగెత్తే నాడె ఒకరోజు దారి తప్పి ఎగిరొచ్చి తగిలిన గుర్తు అది. అందుకే నాడె అంటే పిల్లలందరికీ హడల్.

వారానికి ఒక రోజు కరెంటు ఉండేది కాదు. దాన్ని రజా అనేవాళ్ళం. సాంచాలన్నీ ఆగిపోతే పెద్దవాళ్ళు హాయిగా నిద్రపోయేవారు. నాకు మాత్రం ఆ నిశ్శబ్దం పడేది కాదు. అలాంటి ఒక రజా మధ్యాహ్నం దిండుకు చెవి ఆనించానో లేదో, ఎక్కడో చప్పుడు. దుప్, దుప్. లేచి కూర్చుంటే లేదు, పడుకుంటే మళ్ళీ ఉంది. కిందికి పరుగెత్తి చూశాను. ఒక్క సాంచా ఆడటం లేదు. మళ్ళీ పైకి పరుగెత్తుకొచ్చి పడుకుంటే చప్పుడు ఇంకా జోరుగా ఉంది. సాంచ నాలోనే ఉందని తేలిపోయింది.

ఏడుస్తూ తాత దగ్గరికి వెళ్ళి ఛాతీ చూపించాను. ఆయన నా మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి కాసేపు కళ్ళు మూసుకున్నాడు. "ఏం కాలే బిడ్డా. నీ నాడి మంచిగనే ఆడుతాంది" అన్నాడు.

నేతపని ఇంట్లో పుట్టిన పిల్లకు నాడి అంటే నాడి అని వినిపిస్తుందా? నాడె అనే వినిపించింది. నా చేతిలో నాడె ఆడుతోందట! ఎప్పుడో చర్మం చీల్చుకుని ఎగిరిపోతుంది. కుడిచేత్తో ఎడమ మణికట్టు అదిమిపట్టి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కదలకుండా కూర్చున్నాను. అమ్మ జ్వరమేమోనని ఒళ్ళు పట్టి చూసింది.

చివరికి తాతే ఏమిటని అడిగాడు. మణికట్టు చూపించి, చెయ్యి అటూ ఇటూ ఆడించి, ఆయన నుదుటి గాటు ముట్టుకున్నాను. ఆయనకు అర్థమై కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "నాడె గాదే పిచ్చిదానా, నాడి! అది నెత్తురు నడక. గుండెకాయ దెబ్బ కొట్టినప్పుడల్లా నెత్తురు ఒక దూకు దూకుతది. నువ్వు ఉరికితే ఒంటికి నెత్తురు ఎక్కువ గావాలె, గందుకే గుండె గూడ ఉరుకుతది." తర్వాత చొక్కా గుండీలు విప్పి నా తల తన ఛాతీకి ఆనించుకున్నాడు. "నా గుండె చప్పుడు నేను విని ఎన్నేండ్లాయెనో. జర విని, గిక్కడ కొట్టి చూపియ్యి" అంటూ అరచెయ్యి చాపాడు.

విన్నది విన్నట్టు వేలితో కొట్టాను. దుప్, దుప్, దుప్. తర్వాత రెండు దగ్గరదగ్గరగా. తర్వాత ఒక ఖాళీ. మళ్ళీ దుప్. తాత మొహం చిట్లించాడు. "గిట్లనా కొట్టేది? నీకు ఆత్రమెక్కువ. సక్కగ కొట్టు."

నాకు ఆత్రం ఎక్కువన్నది నిజమే కాబట్టి తప్పు నాదే అనుకున్నాను. పైగా తాత మెచ్చుకోవాలి. ఈసారి ఖాళీలన్నీ పూడ్చేసి, కొత్త సాంచ ఆడినట్టు ఒకే వరసలో కొట్టాను. తాత మొహం విప్పారింది. "షాబాష్! ముసలి మిషన్ అయినా ఎంత మంచిగ నడుస్తాందో సూడు" అని అమ్మతో గొప్పగా చెప్పుకున్నాడు.

ఇక నాకు కాలు నిలవలేదు. బిందె దగ్గరికి, కిటికీ దగ్గరికి, మెట్ల దగ్గరికి ఊరికే తిరిగాను. దెబ్బ తప్పిన సాంచను తాత వెంటనే ఆపించేవాడు. అలాగే ఆడనిస్తే లోపల ఏదో ఒకటి విరుగుతుందనేవాడు. మరి తాత లోపల? పొద్దు వాలకముందే ఉండబట్టలేక వెళ్ళి ఆయన అరచెయ్యి లాక్కున్నాను. మొదటిసారి ఎలా కొట్టానో అలాగే కొట్టాను, ఖాళీలతో సహా. ఇదే అసలుదని, ఇందాకటిది అబద్ధమని ఎంత అరిచినా ఆయనకు వినబడదు కదా. నా చెంపలు నేనే వేసుకున్నాను.

ఆయన తిట్టలేదు. నా నాడి చూసిన ఆ మూడు వేళ్ళను తన మణికట్టు మీద పెట్టుకున్నాడు. చాలాసేపు తియ్యలేదు.

మర్నాడు అమ్మ ఆయన్ను డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. గుండె లయ తప్పుతోందని, ఇంకా ఆలస్యమైతే ప్రాణం మీదికి వచ్చేదని చెప్పి, డాక్టరు తంబాకు మాన్పించి మాత్రలు రాశాడు. గుండెలో నాలుగు గదులుంటాయని, మనం వినే చప్పుడు వాటి తలుపులు మూసుకునేదని కూడా చెప్పాడట. "మనం ఆరుగురం ఒక్క ఖోలీల సదురుకుంటున్నం, దీనికి నాలుగు ఖోలీలంట!" అని తాత చాలా రోజులు చెప్పుకున్నాడు. నా పెళ్ళిలో దగ్గరుండి వడ్డించాడు.

అప్పటినుంచి నేను ఎవరి మొహమూ విప్పారడం కోసం అబద్ధమాడలేదని చెప్పను. ఆడిన ప్రతిసారీ కాలు నిలవలేదు, అంతే. ఆ సాంచాల మోతలోనే బతికి ఇప్పుడు నా చెవులూ పోయాయి. రజా రోజున నా మనవరాలు నా ఛాతీమీద తల పెట్టి, నా అరచేతిలో కొట్టి చూపిస్తుంది. అదీ నాలాగే నిలకడ లేని పిల్ల. మొన్న కొడుతూ కొడుతూ దాని వేలు ఒకచోట ఆగిపోయింది. తలెత్తి నా మొహంలోకి చూసింది. "భయపడకు బిడ్డా, ఉన్నది ఉన్నట్టు కొట్టు" అన్నాను. అది మళ్ళీ చెవి ఆనించి, ఆ ఖాళీని అలాగే వదిలేసి, తర్వాతి దెబ్బ కొట్టింది.